చిరునామాల పంపకము: చిన్న ఊళ్ల నెట్‌వర్కులలో డీహెచ్‌సీపీ

కోదాడనుండి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు సాగు బాటలో, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు నడుమ నున్న గరిడేపల్లి, వరిపొలములకును రైసుమిల్లులకును పేరుగన్న సీమలోని మండల కేంద్రము. ఈ సీమలో నేడు కార్యాలయములు గాని, పాఠశాలల కంప్యూటరు గదులు గాని, మీసేవ కేంద్రములు గాని, బ్యాంకు శాఖలు గాని, మిల్లుల కాటా గదులు గాని, ఒంటరి కంప్యూటరుతో పని జరుపుకొను కాలము గడచిపోయినది. ఒక రౌటరు, ఒక స్విచ్చి, నాలుగైదు కంప్యూటర్లు, అందరును వాడు ప్రింటరొకటి, గోడలమీది కెమెరాలు, వాటి చిత్రములను దాచు డీవీఆరు, వేలిముద్ర వేయించు హాజరు యంత్రము, వీటికి తోడు వచ్చిపోవువారి చేతి ఫోనులు: ఇంతమాత్రపు పరివారము లేని కార్యాలయము అరుదు. ఈ పరికరములలో నెట్‌వర్కుతో మాటలాడు ప్రతిదానికిని ఒక చిరునామా, అనగా ఐపీ అడ్రసు, ఉండి తీరవలెను. దానిని ఎవరు ఇయ్యవలెను, ఎంత గడువునకు ఇయ్యవలెను, ఏ పరికరమునకు ఎన్నటికిని మారకుండ నిలుపవలెను, ఇచ్చినదానిని ఎచ్చట వ్రాసి యుంచవలెను అను ప్రశ్నలను, చరిత్రతోను ఆచరణతోను కలిపి పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదటనే నా అభిప్రాయమును విన్నవించెదను. చిరునామాలను పంచు పనిని యంత్రము చేయును; పంపకమునకు సంబంధించిన నిర్ణయములను మాత్రము మనుష్యుడే చేయవలెను. నిర్ణయించువాడు లేని చోట, రౌటరు పెట్టెలో దాని తయారీదారులు ముందే నింపియుంచిన అంకెలే నిర్ణయములై కూర్చుండును. మన ఊళ్లలో “నెట్టు రావడం లేదు” అను ఫిర్యాదు వినబడినంతనే తప్పు తీగదనియో కంపెనీదనియో తలచుట పరిపాటి. కాని వానిలో గణనీయమైన భాగము ఆ గదిలోనే, ఎవరును ఎన్నడును తెరచి చూడని ఆ అంకెల పేజీలోనే, పుట్టినదని నేను గట్టిగా నమ్ముచున్నాను.

ఈ సమస్య చరిత్ర నలువది యేండ్లది. 1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫిన్లేసన్, మాన్, మోగల్, థైమర్ అను నలువురు ఆర్‌ఎఫ్‌సీ 903 అను పత్రములో రార్ప్ అను పద్ధతిని ప్రతిపాదించిరి. డిస్కు లేని కంప్యూటరు మేల్కొని, తన నెట్‌వర్కు కార్డుమీది సంఖ్యను మాత్రము తెలిసికొని, “ఈ సంఖ్య గల నాకు చిరునామా ఏది?” అని అడుగును, సర్వరు సమాధానము చెప్పును. ఈ పద్ధతికి రెండు కొరతలు: ఆ ప్రశ్న రౌటరు దాటి ఆవలికి పోజాలదు గనుక ప్రతి చిన్న విభాగములోను ఒక సర్వరు కావలెను, లభించునది చిరునామా ఒక్కటియే గాని తక్కిన వివరములేవియు దొరకవు. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్మోర్ అనువారు ఆర్‌ఎఫ్‌సీ 951గా వెలువరించిన బూట్‌పీ ఈ రెండు కొరతలను తీర్చెను. ప్రశ్నను ఒక విభాగమునుండి మరొకదానికి చేరవేయు రిలే అను మధ్యవర్తి దానితోనే పుట్టినది. అయినను బూట్‌పీలో ఏ యంత్రమునకు ఏ చిరునామా యన్నది నిర్వాహకుడు ముందుగా పట్టికలో వ్రాసియుంచవలసినదే. కొత్త యంత్రము వచ్చినప్పుడెల్ల పట్టిక తిరుగవ్రాయవలసినదే.

ఆ శ్రమను తొలగించినది డీహెచ్‌సీపీ. అమెరికాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన రాల్ఫ్ డ్రామ్స్ దీనిని 1993 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1531గా ప్రకటించెను. సంపాదక దశలో దొరలిన తప్పులవలన అదే నెలలో 1541 సంఖ్యతో దానిని మరల ప్రకటింపవలసి వచ్చెను. 1997 మార్చిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2131 నేటికిని ఐపీ నాల్గవ వెర్షనునకు ప్రమాణగ్రంథము. డ్రామ్స్ చేసిన పనిలో నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది, పాతదానిని కూలద్రోయక దానిమీదనే కట్టుట. బూట్‌పీ సందేశపు ఆకారమును యథాతథముగా నిలిపినందున, అంతకుముందే దేశదేశములందు అమర్చబడిన రిలేలు కొత్త సందేశములనుగూడ మారుమాట లేకుండ మోసినవి. బూట్‌పీ కాలమునాటి 99, 130, 83, 99 అను నాలుగంకెల గుర్తు, ఈ క్షణమున గరిడేపల్లిలో ఎవరి ఫోనో వైఫైకి కలియునప్పుడు పంపు సందేశములోనుగూడ ఉండును.

ఆ సందేశముల నడక ఇట్టిది. చిరునామా లేని పరికరము తాను 0.0.0.0 అని చెప్పుకొనుచు, నెట్‌వర్కులోని అందరికిని వినబడునట్లు, యూడీపీ 67వ పోర్టునకు “ఎవరైన ఉన్నారా?” అను పిలుపు పంపును, దీనికి డిస్కవర్ అని పేరు. విన్న సర్వరు 68వ పోర్టునకు “ఈ చిరునామా ఇయ్యగలను” అని ఆఫర్ పంపును. పరికరము దానిని కోరుచు రిక్వెస్టును మరల అందరికిని వినబడునట్లే పంపును. దీనికి కారణము కలదు: ఒకటికంటె ఎక్కువ సర్వర్లు ఆఫర్ చేసియుండిన, తమది ఎంచుకొనబడలేదని తక్కినవి గ్రహించి ఆ చిరునామాను వెనుకకు తీసికొనవలెను. కడపట సర్వరు ఆక్ అను అంగీకారము పలుకును. చిరునామాతోపాటు ఆప్షనులను పేరుతో మరికొన్ని వివరములు వచ్చును: 1వ ఆప్షను సబ్‌నెట్ మాస్కు, 3వది గేట్‌వే, 6వది పేర్లను అంకెలుగా మార్చు డీఎన్‌ఎస్ సర్వరు, 51వది గడువు. ఈ సంఖ్యలు గుర్తున్నవానికి రోగనిర్ణయము సులభము. ప్రక్కగదిలోని ప్రింటరు పనిచేయుచు ఇంటర్నెట్టు రాకపోయిన 3వ ఆప్షనును అనుమానింపవలెను. అంకెల చిరునామాకు పింగు, అనగా పలుకరింపు సందేశము, పోవుచు, పేరు కొట్టిన సైటు తెరువబడకపోయిన 6వ దానిని అనుమానింపవలెను.

ఇయ్యబడిన చిరునామా శాశ్వతము కాదు. ఆయకట్టు రైతు పొలమును కౌలునకు తీసికొన్నట్లే పరికరము దానిని గడువునకు తీసికొనును. గడువు తీరక మునుపే పొడిగించుకొననిచో వదలి లేవవలెను. సగము గడువు గడచిన పిమ్మట పరికరము, తనకు చిరునామా ఇచ్చిన సర్వరునే నేరుగా పొడిగింపు అడుగును. అది పలుకనిచో, ఎనిమిదింట ఏడుపాళ్లు గడచినప్పుడు ఏ సర్వరైనను సరే యని అందరిని అడుగును. గడువు పూర్తియైనను ఎవరును పలుకనిచో ఆ చిరునామాను విడచిపెట్టును. ఎనిమిది గంటల గడువైన నాలుగవ గంటలో మొదటి అడుగు, ఏడవ గంటలో రెండవది. గడువు సంఖ్యను సెకండ్లలో, 32 బిట్లలో వ్రాయుదురు. అన్ని బిట్లును ఒకట్లైన అది అనంతకాలమని అర్థము.

గడువు ఎంత యుండవలెనన్న ప్రశ్నయే ఈ విషయమంతటిలోను ఎక్కువ ఆలోచింపదగినది, మన వారు ఏమాత్రమును ఆలోచింపనిది. విండోస్ సర్వరు తనంతట తాను 8 దినములు ఇచ్చును. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు నడుపు రౌటర్లు 12 గంటలు ఇచ్చును. డీఎన్‌ఎస్‌మాస్క్ అను సాఫ్ట్‌వేరు, ఏమియు చెప్పనిచో, 1 గంట ఇచ్చును. ఈ మూడింటిలో ఏదియు స్వతహాగా తప్పు కాదు. ఎవరు వచ్చి పోవుచుందురన్నదానిని బట్టి తప్పొప్పులు ఏర్పడును. గరిడేపల్లి మండలములోనే గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రము కలదు. అటువంటి శిక్షణాలయమొకదానికి దినమునకొక జట్టు చొప్పున 60 మంది వచ్చి వైఫై వాడుదురనియు, పంచుటకు 200 చిరునామాలున్నవనియు, గడువు 8 దినములనియు అనుకొందము. మూడవ నాటికి 180 చెల్లును. నాల్గవ నాటి జట్టులో 20 మందికి దొరకును, 40 మందికి దొరకదు. మొదటి మూడు జట్లవారు ఇండ్లకు పోయినను వారి చిరునామాలు గడువు తీరువరకు తిరిగి రావు. వైఫై గుర్తు నిండుగా కనబడుచునే యుండును, నెట్టు రాదు. ఊరివారు వేగము చాలలేదని భావించి ఎక్కువ డబ్బు పెట్టి పెద్ద ప్లాను కొందురు. గడువును రెండు గంటలకు తగ్గించినచో ఏనాటి జట్టు చిరునామాలు ఆనాటి సాయంకాలమునకే విడుదలయగును.

గడువు తగ్గించిన నెట్‌వర్కు బరువెక్కునన్న భయము నిరాధారము. 200 పరికరములు రెండు గంటల గడువుతో ఉన్నను, ఒక్కొక్కటి గంటకొకమారు పొడిగింపు అడుగును గనుక, సగటున 18 సెకండ్లకొక చిన్న సందేశము, దానికొక సమాధానము. ఇది లెక్కలోనికి రాదు. నిజమైన భయము వేరొకటి. గడువు చిన్నదైనకొలది, సర్వరు ఆగిపోయినప్పుడు తట్టుకొను కాలమును చిన్నదగును. ఎనిమిది గంటల గడువులో ప్రతి పరికరమునకును ఏ క్షణమునందైనను కనీసము నాలుగు గంటలు మిగిలియుండును. రెండు గంటల గడువులో గంట మాత్రమే మిగులును. మిర్యాలగూడ మిల్లులలో ఒకదానిలో రౌటరు చెడిపోయినదనుకొందము. ఇంటర్నెట్టు వెంటనే పోవును. కాని కాటా గదిలోని కంప్యూటరును, ఆఫీసులోని ప్రింటరును వేరొక స్విచ్చిద్వారా కలుపబడియున్నచో, లారీ తూకము చీటీలు గడువు నిలిచినంతవరకు వెలువడుచునే యుండును. కావున ఒక్క కార్యాలయములోనే అతిథుల వైఫైకి రెండు గంటలును, సొంత యంత్రములకు ఒకటి రెండు దినములును వేర్వేరుగా పెట్టుట నాకు సమంజసముగా తోచుచున్నది. ఇప్పటి సాధారణమైన రౌటర్లలోగూడ గెస్టు నెట్‌వర్కు అను పేరుతో ఈ వేరుచేయుట సాధ్యము.

ఫోనుల స్వభావమును ఇటీవల మారినది. 2019లో వచ్చిన ఆండ్రాయిడు 10 మొదలుగను, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 మొదలుగను, ఫోనులు తమ అసలు మ్యాక్ సంఖ్యను, అనగా నెట్‌వర్కు కార్డుమీది సంఖ్యను, దాచి, ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క కల్పిత సంఖ్యను చూపుచున్నవి. పౌరుని గోప్యతకు ఇది మేలే. కాని సర్వరు పరికరమును గుర్తించునది సాధారణముగా ఆ సంఖ్యతోనే గనుక, వైఫైని మరచి మరల కలిసిన ఫోను కొన్ని సందర్భములలో కొత్త ఫోనుగా లెక్కింపబడి మరొక చిరునామాను తినును. దీర్ఘమైన గడువునకు వ్యతిరేకముగా ఇది మరియొక బలమైన హేతువు.

ఇక మారకూడని చిరునామాల సంగతి. ప్రింటరు, డీవీఆరు, హాజరు యంత్రము, ఫైళ్లుంచు కంప్యూటరు: వీటిని తక్కినవారు అంకెతో వెదకుదురు గనుక ఆ అంకె మారిన పని ఆగిపోవును. పది కంప్యూటర్లలో ప్రింటరు చిరునామా 192.168.1.7 అని నమోదై, కొన్ని సెలవు దినముల తరువాత ప్రింటరు 192.168.1.12తో మేల్కొనిన, పది చోట్లను ప్రింటు రాదు. కార్ట్రిడ్జి మార్చుదురు, డ్రైవరు తిరిగి వేయుదురు. దీనికి రెండు నివారణలు వాడుకలో నున్నవి. పరికరములోనే అంకెను స్థిరముగా వ్రాయుట ఒకటి. సర్వరులో ఆ పరికరపు మ్యాక్ సంఖ్య యెదుట ఒక చిరునామాను రిజర్వు చేయుట రెండవది. మెకానిక్కులు మొదటిదానిని ఇష్టపడుదురు, ఏలయన అది వెంటనే తీరును. నేను రెండవదానిని సమర్థించెదను: రిజర్వేషనులన్నియు ఒక్క పేజీలో కనబడును, రేపు గేట్‌వే గాని డీఎన్‌ఎస్ గాని మారినచో ఆ పేజీలో ఒకమారు మార్చిన చాలును, పరికరములచుట్టు నిచ్చెన వేసికొని తిరుగ నక్కరలేదు. రౌటరు, స్విచ్చి వంటి మూలపరికరములకు మాత్రము మొదటి పద్ధతియే తగును.

ఏ పద్ధతియైనను, పంచు అంకెల వరుసకు, అనగా పూల్‌నకు, హద్దు గీయకపోయిన ప్రమాదము తప్పదు. డీవీఆరులో 192.168.1.110 అని చేత్తో వ్రాసి, రౌటరు పూల్‌ను 100 మొదలు 250 వరకు వదలిపెట్టినచో, ఒకనాడు రౌటరు ఆ 110ని ఎవరి ఫోనుకో ఇచ్చుటకు సందు ఏర్పడును. అప్పుడు కెమెరాలు ఒక గంట కనబడి ఒక గంట కనబడకపోవును. చిన్న కార్యాలయమునకు నేను చెప్పదగిన ఏర్పాటు ఇది: 192.168.10 వరుసలో 1 రౌటరునకు, 2 మొదలు 49 వరకు చేత్తో వ్రాయు పరికరములకు, 50 మొదలు 99 వరకు రిజర్వేషనులకు, 100 మొదలు 219 వరకు పంచుటకు, తక్కినవి రాబోవు అవసరమునకు. కొన్ని రౌటర్లు రిజర్వేషను అంకెయు పూల్ లోపలనే యుండవలెనని పట్టుబట్టును. అట్టిచో హద్దులను దానికి తగినట్లు జరుపుకొనవచ్చును. 192.168.0, 192.168.1 అను వరుసలను విడచి 10ని ఎన్నుకొనుటకు కారణము, అంగడినుండి తెచ్చు పెట్టెలలో అనేకము ఆ రెండింటిలో ఒకదానితోనే వచ్చుట. 1996 ఫిబ్రవరినాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 ఇండ్లకును కార్యాలయములకును సొంతముగా వాడుకొనుటకు మూడు విశాలమైన వరుసలను విడచిపెట్టియుండగా, అందరును మొదటి రెండు గదులలోనే క్రిక్కిరిసి యుండ నేల?

పెట్టెలనుగూర్చిన ప్రసంగములోనే, మన ఊళ్ల నెట్‌వర్కులలో మిక్కిలి తరచుగా జరుగు అనర్థము ఒకటి చెప్పవలసియున్నది. పైయంతస్తులో సిగ్నలు రాలేదని రెండవ రౌటరు కొని తెచ్చి, దాని వ్యాన్ పోర్టునకు పెట్టవలసిన తీగను ల్యాన్ పోర్టునకు పెట్టుదురు. నాటినుండి ఆ నెట్‌వర్కులో ఇద్దరు చిరునామాల దాతలు. పరికరము పిలిచినప్పుడు ఎవరి ఆఫర్ ముందు చేరునో వారి మాటయే చెల్లును. రెండవ రౌటరు ఇచ్చు గేట్‌వే తానే. దాని వెనుక ఇంటర్నెట్టు లేదు. కావున ఆ చిరునామా పొందినవారికి నెట్టు రాదు, మొదటిదానివద్ద పొందినవారికి వచ్చును. సగము మందికి వచ్చి సగము మందికి రాకపోవుట, ఉదయము వచ్చినవానికి మధ్యాహ్నము రాకపోవుట, తీగ పీకి పెట్టిన వచ్చుట: ఈ లక్షణములు కనబడిన మొదట దీనినే అనుమానింపవలెను. విండోస్ కంప్యూటరులో నల్లని కమాండు తెరపై ఐపీకాన్‌ఫిగ్ అను ఆజ్ఞను ఆల్ అను పదముతో ఇచ్చిన, చిరునామా ఇచ్చిన సర్వరు పేరిట ఒక వరుస కనబడును; అందులో మీ రౌటరు అంకె లేకపోయిన దొంగ దొరికినట్లే. నివారణయు సులభమే: రెండవ పెట్టెలో డీహెచ్‌సీపీని ఆపి, దానికి పూల్ వెలుపలి అంకె నొకటి ఇచ్చి, దానిని కేవలము వైఫై ప్రసారమునకు వాడుట. కేబులు ఆపరేటరు స్విచ్చి తగిన జాగ్రత్త లేనిదైన, ఒక ఇంటివారు చేసిన ఈ పొరపాటు వీధి వీధినంతను పట్టుకొనును. అందుచేతనే పెద్ద స్విచ్చులలో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అను కావలిని ఏర్పరచిరి. అది సర్వరున్న పోర్టునుండి తప్ప మరి యే పోర్టునుండి వచ్చు ఆఫరునైనను అడ్డగించును.

ఎవరును పలుకని సందర్భము దీనికి వ్యతిరేకమైనది. అప్పుడు పరికరము 169.254తో మొదలగు అంకెనొకదానిని తనకు తానే పెట్టుకొనును. 2005 మేలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 3927 ఈ పద్ధతిని క్రమబద్ధము చేసినది. ఆ అంకె కనబడిన ఇంటర్నెట్టు కంపెనీకి ఫోను చేయుట వృథా: సమస్య పరికరమునకును రౌటరునకును నడుమనే కలదు, పూల్ నిండియైన నుండవలెను, తీగ తెగియైన నుండవలెను.

కరెంటు పోయి వచ్చుట మన ఊళ్లకు కొత్త కాదు; డీహెచ్‌సీపీని గూర్చిన విదేశీ గ్రంథములు ఈ విషయమును తగినంత పట్టించుకొనలేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నడుపు రౌటరు ఇచ్చిన చిరునామాల పట్టికను సామాన్యముగా తాత్కాలిక స్మృతిలోనే ఉంచును. కరెంటు పోయిన ఆ పట్టిక తుడిచిపెట్టుకొని పోవును. ల్యాప్‌టాపులును ఫోనులును బ్యాటరీమీద బ్రతికియుండి తమ పాత చిరునామాలను వాడుచునే యుండగా, తిరిగి లేచిన రౌటరు వాటిని ఎరుగక, అవే అంకెలను కొత్తగా వచ్చినవారికి ఇయ్యబూనును. రక్షణ లేకపోలేదు. డీఎన్‌ఎస్‌మాస్క్ ఒక అంకెను ఆఫర్ చేయుటకు ముందు దానికి పింగు పంపి ఎవరైన పలుకుదురేమో చూచును. మ్యాక్ సంఖ్యనుండి గణించి అంకెను ఎన్నుకొనును గనుక అదే పరికరమునకు చాలవరకు అదే అంకె వచ్చును. పరికరముకూడ పుచ్చుకొనిన అంకెను మరెవరైన వాడుచున్నారని కనుగొనిన డిక్లైన్ అను సందేశముతో తిరస్కరింపవచ్చును. కాని పింగులకు పలుకకుండ ఫైర్‌వాల్ పెట్టుకొన్న యంత్రములు కలవు గనుక ఈ రక్షణ సంపూర్ణము కాదు. రౌటరును చిన్న బ్యాటరీ పెట్టెమీద నిలుపుట, ముఖ్యమైన పరికరములకు రిజర్వేషను చేయుట అను రెండును కలిసియున్నచో ఈ బాధ ఇంచుమించు తీరును.

సాఫ్ట్‌వేరుల తారతమ్యమును గూర్చి చిన్న నెట్‌వర్కు యజమాని ఎక్కువ తలపోయ నక్కరలేదు. చిరకాలము ప్రామాణికమైనది టెడ్ లెమన్ మొదట రచించిన ఐఎస్‌సీ అను సంస్థవారి సర్వరు. దానికి 2022తో పోషణ ముగిసినది. దాని స్థానమున అదే సంస్థవారి కియా నిలిచినది. చిరునామాల పట్టికను డేటాబేసులో ఉంచుట, ఇద్దరు సర్వర్లు ఒకరికొకరు తోడుగా నుండుట కియా విశేషములు. సైమన్ కెల్లీ రచించిన డీఎన్‌ఎస్‌మాస్క్ చిన్నది, రౌటరులో ఇముడునది. గరిడేపల్లి పాఠశాలకు గాని సూర్యాపేట ఆస్పత్రికి గాని ఇది చాలును. వేలకొలది ఇండ్లకు సేవచేయు ఆపరేటరునకు కియా వంటిది కావలెను.

ఆపరేటర్ల లోకము వేరు. అచ్చట సర్వరు ఒక నగరములో నుండును, ఇండ్లు జిల్లాల నిండ నుండును. నడుమ రిలేలు ప్రశ్నలను మోయుచుండును. ఏ ఇంటి తీగనుండి ప్రశ్న వచ్చినదో రిలే గుర్తు వేయుటకు 2001 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3046 చేత 82వ ఆప్షను ఏర్పడినది. రిలే చెడి తిరిగి లేచినప్పుడు తాను మరచిన వివరములను సర్వరునుండి అడిగి తెలిసికొనుటను గూర్చి 2011 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 6148ను రచించినవారు కురపాటి, దేశెట్టి, జోషి అను మన దేశపు ఇంజినీర్లు. ఆ జాబితాలో తెలుగు చెవికి పరిచితములైన ఇంటిపేర్లు చూచుట నాకు సంతోషకరము. అయినను మన దేశములో అందరును ఈ బాటను పట్టలేదు: బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబరు వంటి సేవలలో పేరును పాస్‌వర్డును అడుగు పీపీపీఓఈ పద్ధతి వాడుకలో నున్నది, అందు బయటి చిరునామా డీహెచ్‌సీపీచేత గాక ఆ సంభాషణములోనే లభించును. కావున రౌటరుయొక్క బయటి ముఖమున ఏ పద్ధతి యున్నను లోపలి ముఖమున డీహెచ్‌సీపీ యజమానిదే యని తెలిసియుండుట మేలు. పొరుగు రాష్ట్రమున ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభములమీదుగా తీగ లాగి, మొదట నెలకు 149 రూపాయలకే టీవీని, ఇంటర్నెట్టును, ఫోనును ఒక్క పెట్టెతో అందించెను. తెలంగాణలో టీ-ఫైబరు మిషన్ భగీరథ మంచినీటి గొట్టముల కందకములను ఉపయోగించుకొని సాగెను. తీగ ఊరూర చేరుట గొప్ప పనియే. తీగ చివర నున్న పంచాయతీ గదిలో పూల్‌నకు హద్దు గీయువానిని తయారుచేయు శిక్షణనుగూడ అంతే శ్రద్ధతో ఏర్పాటు చేయవలెనని నేను కోరుదును.

బయటి చిరునామాల కరవు మరియొక చిక్కును తెచ్చిపెట్టినది. ఆసియా పసిఫిక్ ప్రాంతమునకు మిగిలిన నాల్గవ వెర్షను చిరునామాల సామాన్య నిధి 2011 ఏప్రిల్‌లో అడుగంటినది. మరుసటి ఏప్రిల్‌లో ఆపరేటర్ల ఉపయోగమునకు 100.64తో మొదలగు 41,94,304 చిరునామాల వరుసను ప్రత్యేకించిరి. మీ రౌటరు బయటి అంకె 100.64కును 100.127కును నడుమ నున్నచో, మీరు అనేకులతో ఒక చిరునామాను పంచుకొనుచున్నారు. రౌటరులో ఎన్ని పోర్టులు తెరచినను మిల్లు కెమెరాలను ఊరినుండి నేరుగా చూడజాలరు.

భద్రత విషయమున డీహెచ్‌సీపీ పుట్టుకతోనే విశ్వాసశీలము. సర్వరు తాను సర్వరునని చెప్పిన పరికరము నమ్మును. దీనిని సవరించుటకు 2001లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3118 ఆచరణలోనికి వ్యాపింపలేదు. ఆ అలసత్వమునకు మూల్యము 2024 మేలో బయటపడెను: దారులను బోధించు 121వ ఆప్షనును దుర్వినియోగపరచి, వీపీఎన్ గొట్టములో పోవలసిన సందేశములను దొంగ సర్వరు తనవైపు మళ్లించుకొనవచ్చునని టన్నెల్‌విజన్ అను పేరుతో పరిశోధకులు చూపించిరి. తెలియని వైఫైలో బ్యాంకు పని చేయరాదన్న పెద్దల హెచ్చరికకు ఇది ప్రబలమైన సాక్ష్యము.

చట్టమును ఇందు ప్రవేశించినది. భారత ప్రభుత్వపు సైబరు భద్రతా సంస్థయైన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశములు, సంస్థలును ప్రభుత్వ కార్యాలయములును తమ కంప్యూటరు వ్యవస్థల లాగులను, అనగా నమోదు పత్రములను, 180 దినములు భద్రపరుపవలెననియు, గడియారములను ప్రామాణిక కాలముతో సరిపుచ్చుకొనవలెననియు శాసించుచున్నవి. ఫలానా దినమున ఫలానా వేళ ఫలానా అంకె ఏ యంత్రముది యని చెప్పగల పత్రము డీహెచ్‌సీపీ లాగు ఒక్కటియే. కాలము తప్పైన ఆ పత్రము వ్యర్థము. 42వ ఆప్షనుద్వారా కాలము చెప్పు సర్వరు చిరునామాను పరికరములకు ఇయ్యవచ్చును. రౌటరు లాగును ఒక కంప్యూటరునకు పంపి దాచవచ్చును. రెండును ఖర్చు లేని పనులు.

కడపట ఐపీవీ6. టెలికాం శాఖ 2010 జులైలోనే దీనికి జాతీయ ప్రణాళికను ప్రకటించెను. 2016 సెప్టెంబరునుండి జియో సేవ ద్వారా అది పల్లెలకుగూడ చేరినది. ఇందు చిరునామాల కరవు లేదు గనుక పంపకపు స్వభావమే మారును. రౌటరు వరుసయొక్క మొదటి భాగమును చాటును. పరికరము తక్కిన భాగమును తానే కల్పించుకొనును. ఈ స్లాక్ పద్ధతికి 2007నాటి ఆర్‌ఎఫ్‌సీ 4862 ప్రమాణము. సర్వరు చేతిమీదుగా పంచుటకు డీహెచ్‌సీపీవీ6 కూడ కలదు, దాని ప్రమాణము 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8415గా తిరుగవ్రాయబడినది. కాని ఆండ్రాయిడు ఫోనులు దానిద్వారా ఒక్కొక్క చిరునామాను తీసికొనుటకు సమ్మతింపలేదు. పాత డీహెచ్‌సీపీయే కొత్తదానికి దారి ఇచ్చు ఏర్పాటు ఒకటి 2020లో వచ్చినది: 108వ ఆప్షనుద్వారా, ఐపీవీ6తోనే బ్రతుకగల ఫోనులకు నాల్గవ వెర్షను చిరునామా అక్కరలేదని సర్వరు చెప్పవచ్చును. స్వయముగా కల్పించుకొన్న చిరునామాలకు సర్వరువద్ద పట్టిక ఉండదు. 180 దినముల లాగు ఎచ్చటనుండి వచ్చును? రౌటరు తన పొరుగు పరికరములను గుర్తుంచుకొను పట్టికను గంటగంటకు వ్రాసి దాచుట ఇందుకు ఒక మార్గము. అందుచేత కార్యాలయపు కంప్యూటర్లను ఒక వైఫై పేరు క్రింద డీహెచ్‌సీపీవీ6తోను, వచ్చిపోవు ఫోనులను మరొక పేరు క్రింద స్లాక్‌తోను ఉంచి, ఆ రెండవదాని పొరుగు పట్టికను మాత్రము విడువక దాచుమని, కొత్తగా నెట్‌వర్కు వేయు మండల కార్యాలయములకు నేను సలహా ఇత్తును.